బీఎంఆర్ పెంచాలా, తగ్గించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది విజయవాడ. నాకు 52 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. రెండు నెలల కిందట జిమ్‌లో చేరాను. అక్కడ ఒక మిషన్ ఎక్కిస్తే బీఎంఆర్ (ఊరికే పడుకున్నా రోజుకు ఒంట్లో ఖర్చయ్యే క్యాలరీలు) 1,610 అనీ, మెటబాలిక్ వయసు 58 అనీ కాగితం వచ్చింది. మీ మెటబాలిజం మందగించింది, పెంచాలి అంటూ ట్రైనర్ ఒక పౌడర్ డబ్బా చూపించాడు. ఈ సంగతి ఫోన్లో చెబితే, అమెరికాలో చదువుకుంటున్న మా అమ్మాయి ఒక వ్యాసం పంపింది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒంట్లో క్యాలరీలు ఎక్కువ ఖర్చయ్యేవాళ్ళు తొందరగా పోతారని అందులో ఉంది. ఆ లెక్క ప్రకారం నాకు 35.6 వచ్చింది. అంటే మరణం ముప్పు 28 శాతం ఎక్కువున్న గుంపట. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మా అమ్మకు 74 ఏళ్ళు. ఆవిడ ఇదంతా విని, "ఎవరి ఊపిరులు వాళ్ళకి లెక్కపెట్టే ఇస్తాడురా దేవుడు, తాబేలు మెల్లగా పీలుస్తుంది కాబట్టే అన్నేళ్ళు బతుకుతుంది" అంటుంది. నిజానికి ఆవిడ మెటబాలిజం చూస్తే నాకు కుళ్ళు. రెండు పూటలా కడుపునిండా తింటుంది, అయినా ఈ ఏడాదిలో 54 కిలోల నుంచి 48కి దిగింది. సంక్రాంతి చలిలో కూడా ఫ్యాన్ వేయమంటుంది, ఒక్కచోట కూర్చోదు. ఇంతకీ నేను దీన్ని పెంచాలా, తగ్గించాలా?

జవాబు: ముందు ఒక పని చేయండి. ఈ వారంలోనే అమ్మగారిని డాక్టరుకు చూపించండి. ఎందుకో చివర్లో చెబుతాను. మీ సంగతికి తొందరేం లేదు, తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆ 1,610ని మిషన్ కొలవలేదు. పాదాల కింద నుంచి మనకు తెలియనంత సన్నని కరెంటు పంపి, ఒంట్లో నీరెంత, కొవ్వెంత, కండెంత అని ఒక అంచనా కట్టింది. దానికి మీ వయసు, ఎత్తు, బరువు జోడించి ఒక సూత్రంలో వేసింది. అలాంటి సూత్రాల్లో ఒకటి 1990లో వచ్చింది, ఇప్పటికీ చాలామంది డైటీషియన్లు వాడేది అదే. కాగితం మీద మీరే వేసి చూసుకోవచ్చు. బరువును 10తో హెచ్చిస్తే 760. ఎత్తును 6.25తో హెచ్చిస్తే 1,050. రెండూ కలిపి 1,810. వయసును 5తో హెచ్చిస్తే 260, దాన్ని ఆ 1,810లోంచి తీసేయండి, మగవాళ్ళకు ఒక 5 కలపండి. 1,555 వస్తుంది. మీ జిమ్ మిషన్ చేసిన ఘనకార్యం ఇంచుమించు ఇంతే. ఇక మెటబాలిక్ వయసనేది వైద్యంలో ఒక కొలతే కాదు, దాన్ని చూసి ఏ డాక్టరూ మందు రాయడు. ఆ 58ని మర్చిపోండి.

నిజంగా బీఎంఆర్ కొలవడం పెద్ద తతంగం. రాత్రి భోజనం తర్వాత పన్నెండు గంటలు ఏమీ తినకూడదు. పొద్దున్నే మంచం మీద కదలకుండా, అలాగని నిద్రపోకుండా, పడుకోవాలి. గదిలో చలి ఉండకూడదు, ఉక్కా ఉండకూడదు. తల మీద పారదర్శకంగా ఉండే గుమ్మటం లాంటి మూత పెట్టి, పీల్చిన ఆక్సిజన్ ఎంత, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని లెక్కగడతారు. లీటరు ఆక్సిజన్ వాడితే ఇంచుమించు 5 క్యాలరీలు ఖర్చయినట్టు. గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడటానికి, కాలేయం, మెదడు, మూత్రపిండాలు వాటి పని అవి చేసుకోవడానికి పట్టే ఖర్చు ఇది. మామూలు మనిషి రోజు మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం దీనికే పోతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి పంపిన సంగతి. మీరు రాసిన అంకెలను బట్టి అది బాల్టిమోర్ అధ్యయనం గురించే అయుండాలి. అమెరికాలో ప్రభుత్వ ఆధ్వర్యంలో 1958 నుంచీ నడుస్తోంది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని చేర్చుకుని, ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ ముసలితనం ఎలా వస్తుందో గమనిస్తారు. అందులో 1,227 మంది బీఎంఆర్ లెక్కలతో 2008లో ఒక పత్రం వచ్చింది. ఒంటి ఉపరితలంలో చదరపు మీటరుకు, గంటకు ఎన్ని క్యాలరీలు అని చూశారు. 31.3 నుంచి 33.9 మధ్య ఉన్నవాళ్ళలో మరణాలు అన్నిటికన్నా తక్కువ. 33.9 నుంచి 36.4 మధ్య వాళ్ళకు 28 శాతం ఎక్కువ, 36.4 దాటినవాళ్ళకు 53 శాతం ఎక్కువ. వయసు, లావు, సిగరెట్లు, షుగరు, తెల్ల రక్తకణాల సంఖ్య వీటన్నిటినీ లెక్కలోంచి పక్కకు తీసినా తేడా మిగిలింది. పనికిమాలిన పరిశోధన కాదు, గట్టిదే. మీ అమ్మాయి పంపింది వాట్సాప్ గాలివార్తేం కాదు.

ఇలాంటిదే ఇంకొకటి. అమెరికాలోని అరిజోనాలో పీమా అనే ఆదివాసీ జనం ఉన్నారు. వాళ్ళలో షుగరు చాలా ఎక్కువ కాబట్టి డాక్టర్లు దశాబ్దాలుగా వాళ్ళతో పనిచేస్తున్నారు. షుగరు లేని పీమాలను గాలి చొరబడకుండా కట్టిన చిన్న గదిలో ఒక రోజంతా ఉంచి ఖర్చు కొలిచారు, ఆ తర్వాత సగటున 11 ఏళ్ళు గమనించారు. ఖర్చు ఎక్కువున్నవాళ్ళలో జబ్బుతో పోయినవాళ్ళు ఎక్కువ. కాకపోతే అంత పరిశోధనలోనూ ఆ లెక్కకు వచ్చిన మరణాలు 27. అంత తక్కువ మరణాల మీద నిలబడ్డ శాతాలను నేనైతే కొంచెం దూరం నుంచే చూస్తాను.

మీ 35.6 ఎలా వచ్చిందో నేనూ వేసి చూశాను. మీ ఎత్తు బరువులకు ఒంటి ఉపరితలం 1.88 చదరపు మీటర్లు. 1,610ని 24తో, మళ్ళీ 1.88తో భాగిస్తే అంతే. మీ లెక్క తప్పు కాదు, మొదటి అంకె దగ్గరే తిరకాసు. ఇలాంటి సూత్రాలు మనిషి మనిషికీ పది శాతం అటూ ఇటూ తప్పడం మామూలే. మీ అంకెలో పది శాతం తీసేస్తే 32, కలిపితే 39. అంటే మీరు అన్నిటికన్నా మంచి గుంపులోనూ ఉండొచ్చు, మధ్య గుంపులోనూ ఉండొచ్చు, చివరి గుంపులోనూ ఉండొచ్చు. బాల్టిమోర్ వాళ్ళు ఆక్సిజన్ కొలిచి గీసిన గీతల మీద మన అంచనా అంకెను తీసుకెళ్ళి నిలబెట్టడం, బంగారం తూచే త్రాసు మీద ఇసుక బస్తా పెట్టినట్టు ఉంటుంది.

పైగా అవి మన ఒళ్ళు చూసి గీసిన గీతలు కావు. ఆ 1,227 మందిలో 972 మంది మగవాళ్ళు, అధ్యయనంలో ఎక్కువమంది బాగా చదువుకున్న తెల్లవాళ్ళు. మనవాళ్ళ బీఎంఆర్ పాశ్చాత్య ప్రమాణాల కన్నా తక్కువగా వస్తుందని చాలా ఏళ్ళ నుంచి తెలుసు. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన ఎలినార్ మేసన్, అమెరికన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బెనడిక్ట్‌తో కలిసి 1931లోనే దక్షిణ భారత మహిళల బీఎంఆర్ గురించి రాశారు. అమెరికా ప్రమాణం కన్నా బాగా తక్కువ వచ్చింది. మన రక్తంలోనే ఏదో ఉందేమోనని అప్పట్లో అనుకున్నారు. 1990ల్లో భారతీయుల్నీ ఆస్ట్రేలియన్లనీ పక్కపక్కన పెట్టి, కొవ్వు కాకుండా మిగిలిన ఒళ్ళు ఎవరికెంత ఉందో చూసి పోల్చితే ఆ తేడా జాతి వల్ల కాదని తేలింది. ఒంట్లో సరుకు ఎంతో, ఖర్చూ అంత.

28 శాతం అన్న మాట కూడా చెవిన పడినంత భయంకరమైంది కాదు. ఒక గుంపులో ఫలానా కాలంలో వందకు పదిమంది పోతే, ఇంకో గుంపులో ఇంచుమించు పదమూడు మంది పోయారని. మీ ఆయుష్షులో 28 శాతం కోత పడిందని కాదు. పొగ తాగేవాడి ముప్పుతో పోలిస్తే ఇది చాలా చిన్నది.

ఇక అమ్మగారి తాబేలు. నవ్వకండి, ఆవిడ చెప్పింది ఒకప్పుడు పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చెప్పిందే. జర్మనీలో మాక్స్ రుబ్నర్ 1908లో గినియా పంది నుంచి గుర్రం దాకా లెక్కలు వేసి, ఏ జంతువైనా ఒంటి బరువులో గ్రాముకు ఇంత శక్తి అని జీవితకాలంలో ఖర్చుపెట్టి పోతుందన్నాడు. మనిషి మాత్రం ఆ లెక్కకు లొంగలేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అమెరికాలో రేమండ్ పెర్ల్ 1928లో దాన్నే ఒక సిద్ధాంతంగా పెంచాడు: ఎంత వేగంగా బతికితే అంత తొందరగా పోతారని. వత్తి పెద్దది చేస్తే నూనె తొందరగా అయిపోయినట్టు. వినడానికి బాగుంటుంది. అయితే పక్షులు దీన్ని ఒప్పుకోవు. అదే సైజు ఎలుక కన్నా పిట్ట ఒంట్లో మంట ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువే. సైబీరియాలో ఏడు గ్రాముల గబ్బిలం ఒకటి కనీసం 41 ఏళ్ళు బతికింది. స్కాట్లాండ్‌లో జాన్ స్పీక్‌మన్ బృందం ఒకే రకం చిట్టెలుకల ఖర్చు కొలిచి, అవి పోయేదాకా చూసి 2004లో రాసింది: ఎక్కువ ఖర్చుపెట్టిన పాతిక శాతం, అన్నిటికన్నా తక్కువ ఖర్చుపెట్టిన పాతిక శాతం కన్నా 36 శాతం ఎక్కువ కాలం బతికాయి. తాబేలు కథ అక్కడ బోర్లా పడింది.

మరి బాల్టిమోర్ మాటేమిటి? నాకు నచ్చే వివరణ చెబుతాను. ఇంటి కరెంటు బిల్లు చూడండి. మనుషులు ఎక్కువుంటే బిల్లు ఎక్కువ రావడం సహజం. అదే మనుషులు, అవే లైట్లు, అయినా బిల్లు పెరిగిందంటే ఎక్కడో మోటారు అరిగింది, ఫ్రిజ్ గ్యాస్ పోయి ఆగకుండా తిరుగుతోంది. ఒళ్ళూ అంతే. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే విశ్రాంతి ఖర్చు పది శాతానికి పైగానే పెరుగుతుంది. ఊపిరితిత్తులు పాడైనవాడికి గాలి పీల్చడమే కూలిపని. అదుపులో లేని షుగరు, నీరసించిన గుండె, టీబీ, కొన్ని క్యాన్సర్లు, ఒంట్లో ఎక్కడో నివురుగప్పిన వాపు, ఇవన్నీ మనిషి పడుకుని ఉన్నా మీటరు తిప్పుతూనే ఉంటాయి. బాల్టిమోర్‌లోనే ముసలివాళ్ళను చూసిన పరిశోధకులు, జబ్బులు ఎక్కువున్నవాళ్ళ విశ్రాంతి ఖర్చు ఆ ఒంటికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువుందని గమనించారు. పైకి తెలియని జబ్బు ముందే ఖర్చు పెంచి ఉంటే, ఆ తర్వాత ప్రాణం తీసింది జబ్బు. బీఎంఆర్ దాని నీడ. ఇదొక్కటే కారణమని తేల్చేసిన వాళ్ళు ఎవరూ లేరు. ఎక్కువ ఆక్సిజన్ మండితే కణాలకు తుప్పు పడుతుందనే వాదన 1956 నుంచీ ఉంది. తుప్పు వదిలిస్తామంటూ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఇచ్చి చూస్తే మటుకు ఆశించింది జరగలేదు. ఫిన్లాండ్‌లో సిగరెట్లు తాగేవాళ్ళకు బీటా కెరొటిన్ అనే అలాంటి మాత్ర ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గాల్సింది పోయి పెరిగింది.

అందుకే పెంచాలా తగ్గించాలా అనే ప్రశ్నే నాకు మింగుడు పడటం లేదు. మీటరు ముల్లును చేత్తో వెనక్కి తిప్పితే ఫ్రిజ్ బాగుపడదు.

ముల్లును చేత్తో తిప్పినవాళ్ళు లేకపోలేదు, పాపం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ మందుగుండు ఫ్యాక్టరీల్లో డైనైట్రోఫినాల్ అనే పసుప్పచ్చ పొడి వాడేవారు. దాన్ని ముట్టుకున్న కూలీలు చెమటలు కక్కి, చిక్కిపోయి, కొందరు జ్వరంతో చచ్చిపోయారు. 1933లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు, మెటబాలిజం పెంచి బరువు తగ్గించడానికి ఇదే పొడి ఇచ్చారు. బరువు బ్రహ్మాండంగా తగ్గింది. రెండేళ్ళు తిరగకుండానే లక్షమంది దాకా వాడారని అంచనా. కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒళ్ళు కాలిపోయి పోయారు. 1938లో అక్కడ ఇది మనుషులు తినేది కాదని తేల్చారు. ఇప్పటికీ దొంగచాటుగా కొవ్వు కరిగించే మందు పేరుతో అమ్ముతూనే ఉన్నారు, మనుషులు పోతూనే ఉన్నారు. మీ ట్రైనర్ చూపించిన డబ్బాలో ఇదే ఉందని అనడం లేదు. చాలా డబ్బాల్లో ఉండేది కెఫీనే, అదీ బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు. డబ్బా వెనక్కి ఇచ్చేయండి. సన్నబడటానికి థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళూ ఉన్నారు, అది ఇంకా పెద్ద తప్పు.

ట్రైనర్ని పూర్తిగా తీసిపారేయను. బరువులు ఎత్తమనే ఉంటాడు, ఎత్తండి. కాకపోతే కండ పెరిగితే నిద్రలో కూడా క్యాలరీలు కరిగిపోతాయనే మాట చాలా అతి. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చుపెట్టేది 13 క్యాలరీలు. మూడు కిలోల కండ పెంచడానికి మీ వయసులో చెమటోడ్చాలి, వచ్చేది 39 క్యాలరీలు, ఒక చిన్న ఇడ్లీ. గుండె, మూత్రపిండాలు కిలోకు 440, మెదడు 240, కాలేయం 200 తింటాయి, వాటిని జిమ్‌లో పెంచలేం. కండ కావాల్సింది వేరే పనికి. మన దేశంతో సహా 17 దేశాల్లో జరిగిన ఒక అధ్యయనంలో, 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, చేతి పట్టు 5 కిలోల మేర తగ్గినప్పుడల్లా మరణం ముప్పు 16 శాతం పెరిగినట్టు తేలింది. మెట్లెక్కడానికి, బాత్రూంలో జారినప్పుడు నిలదొక్కుకోవడానికి, ఆస్పత్రిలో పది రోజులు పడుకోవాల్సి వస్తే తట్టుకోవడానికి కండ కావాలి.

యాభై దాటాక మెటబాలిజం పడిపోతుందనీ ఆ ట్రైనర్ చెప్పే ఉంటాడు, అందరూ చెబుతారు. 29 దేశాల్లో ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ళ ముసలివాళ్ళ దాకా 6,400 మందికి పైగా కొలతలు పోగేసి 2021లో సైన్స్ పత్రికలో వేశారు. ఒంటి సైజు లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 దాకా ఖర్చు ఇంచుమించు కదలదు. అరవై దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. కాబట్టి మీ పొట్టకు బీఎంఆర్ పూచీ లేదు. పూచీ ఎవరిదో మీకు నాకన్నా బాగా తెలుసు, సాయంత్రం బ్యాంకు పక్కన పునుగుల బండి ఉంటే మరీనూ.

పోనీ తగ్గిద్దామనుకుంటున్నారేమో, అదీ వద్దు. బీఎంఆర్‌ని నిజంగా తగ్గించేది ఆకలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మిన్నెసోటాలో 36 మంది యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచారు, వాళ్ళే ఒప్పుకుని వచ్చినవాళ్ళు. బీఎంఆర్ 40 శాతం దాకా పడింది. చలికి వణికారు, కాళ్ళు వాచాయి, కలల్లోనూ తిండే. ఎవరూ దాన్ని దీర్ఘాయువు అనలేదు.

మీరు చేయాల్సింది చాలా మామూలు పని. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 26.9. మనవాళ్ళకు 23 దాటితేనే కొంచెం లావు, 25 దాటితే లావు అని లెక్క. నడుము చుట్టు కొలుచుకోండి, మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ ఏడాదిగా చూపించుకోకపోతే చూపించుకోండి. బీపీ మాత్ర వేసుకుంటూ బీపీ అదుపులో ఉందో లేదో చూసుకోనివాళ్ళు బోలెడుమంది, మీరు అందులో చేరకండి. అయిదారు కిలోలు తగ్గితే ఆ సూత్రం ప్రకారం మీ బీఎంఆర్ కూడా యాభై అరవై క్యాలరీలు తగ్గుతుంది. అది మందగించడం కాదు, మోయాల్సిన బరువు తగ్గింది అంతే. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకోవడం అలవాటు చేసుకుంటే మరీ మంచిది, దానికి మిషన్ అక్కర్లేదు. ఎప్పుడూ 70 ఉండేది కారణం లేకుండా 90కి వెళ్ళి అక్కడే ఉంటే అప్పుడు నాకు రాయండి.

ఇక అమ్మగారు. వాపుని చూసి బలుపనుకోవడం అంటారే, ఇక్కడ చిక్కడాన్ని చూసి చురుకనుకున్నారు. 74 ఏళ్ళ మనిషి డైటింగ్ చేయకుండా, తిండి తగ్గకుండా ఏడాదిలో ఆరు కిలోలు తగ్గింది. అంటే ఉన్న బరువులో 11 శాతం. ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల 5 శాతం తగ్గితేనే మేం కారణం వెతకడం మొదలుపెడతాం. దానికి తోడు చలికాలంలో ఉక్క, కుదురు లేకపోవడం. ఇవన్నీ కలిపితే నాకు ముందు తట్టేది థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేయడం. అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది. అదే అయితే ఒంట్లో మీటరు నిజంగానే గిర్రున తిరుగుతోందని అర్థం, అలా వదిలేస్తే ఆ వయసులో గుండె లయ తప్పుతుంది. లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం. ఎముకలూ గుల్లబారతాయి. మీరు నిద్ర మానేసి భయపడ్డ ముప్పు ఆ ఇంట్లో ఎవరికైనా ఉందంటే అది ఆవిడకే. ఇంకో మంచి మాట, థైరాయిడ్ అయితే మాత్రలతో అదుపులోకి వస్తుంది.

నా దగ్గరకు ఒకసారి ఇలాగే ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఎంత తిన్నా ఒంటికి పట్టని అదృష్టమని చుట్టాలు ఏడాదిగా పొగుడుతున్నారట. చేతులు చాపమంటే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, నాడి 110. ఎనిమిది నెలల చికిత్స తర్వాత ఏడు కిలోలు పెరిగి, ఫ్యాన్ కట్టేయమనడం మొదలుపెట్టాడు. ఆయన భార్య అయితే, ఇన్నాళ్ళకు ఈయన కుర్చీలో కూర్చోవడం చూశానంది.

అమ్మగారికి ముందు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు, ఈసీజీ చేయించండి. వాటితో పాటే షుగరు, రక్తకణాల లెక్క, ఛాతీ ఎక్స్‌రే కూడా. థైరాయిడ్ మామూలుగా ఉంటే బరువు తగ్గడానికి వేరే కారణం వెతకాలి, అక్కడితో ఆపేయకూడదు. రెండు వారాలకు మించి దగ్గు ఉందా, సాయంత్రం పూట జ్వరం కాస్తోందా, రాత్రి చెమటకు జాకెట్టు తడుస్తోందా, విరేచనాల తీరు మారిందా, మింగడం కష్టమవుతోందా అని మీరు అడిగితే ఏమీ లేదంటారు, ఆ తరం వాళ్ళంతే. మీ ఆవిడను అడగమనండి. డాక్టరు దగ్గర కూడా కోడలు పక్కనుంటే అసలు సంగతులు బయటికొస్తాయి. ఇంట్లో ఏవైనా ఆయుర్వేదం మాత్రలో, ఊరికే బలానికని ఎవరో ఇచ్చిన గుళికలో వాడుతుంటే ఆ డబ్బాలు కూడా సంచిలో వేసుకెళ్ళండి. రక్తం తీసే ముందు రెండు రోజులు బయోటిన్ ఉన్న జుట్టు మాత్రలు వేసుకోకూడదు, థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి. ఒకవేళ ఈలోపే గుండె దడదడలాడినా, ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా పరీక్షల కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

రిపోర్టులు రాగానే పంపండి. జిమ్ కాగితం అక్కర్లేదు.